మబ్బు పాట కట్టినవాడు

ఆ రోజు పొద్దున్న ఫల్గుణ కాఫీ గింజలు తిరగేశాడు. ముందు రోజు పండు తొక్క తీసి కడిగిన గింజలవి. వాకిట్లో టార్పాలిన్ మీద వాటిని చాళ్ళు చాళ్ళుగా లాగి, కోళ్ళు ఎక్కకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టి, "అప్పా, మబ్బెడితే బేగి కప్పేయ్. నాకు సలిగా ఉన్నాది, కాసేపు తొంగుంటాను" అని అక్కతో చెప్పి లోపలికి వెళ్ళాడు. ఆ పడుకోవడం పడుకోవడమే. జ్వరం మెదడుకెక్కిందని ఆసుపత్రిలో చెప్పేసరికి అతనికి మాట పోయింది. మాట వెనకే మనిషీ పోయాడు. వాకిట్లో గింజలు మంచుకి తడిసి నల్లబడ్డాయి.

హుకుంపేట మండలంలో రోడ్డు ఆగిపోయిన తర్వాత కూడా పైకి నడిస్తే వచ్చే ఊరు సీకాయిపుట్టు. తల్లి పోయేనాటికి ఫల్గుణకి సరిగా మాటలు రాలేదు. పెంచింది అక్క రమణే. అంగన్వాడీలో ఆయా పని చేసుకుంటూ, ఊళ్ళో పిల్లలకి గుడ్లు ఉడకబెట్టి, తమ్ముణ్ణి ఇంటర్ దాకా చదివించింది. చదువు అబ్బలేదుగాని పాట అబ్బింది. ఎవరూ నేర్పలేదు. కాఫీ పండు తొక్క తీసే చేతిమిషను ఉంటుంది కదా, దాన్ని అక్క తిప్పుతూ ఉంటే వచ్చే గూంకారాన్ని పట్టుకుని గొంతు సరిచేసుకునేవాడు. ఊరంతా తంబూరా ఎరగదు, వాడికి ఆ మిషనే తంబూరా.

"అప్పా, సమంగా తిప్పు. శ్రుతి పడిపోతంది."

"నీ శ్రుతికి నా రెక్కలు పడిపోతన్నాయిరా. నువ్వొచ్చి తిప్పు, నాను పాడతాను."

"నువ్వు పాడితే మిషను ఆగిపోద్ది."

అలా నవ్వుకుంటూనే పాటలు కట్టాడు. చోడి చేను కాపలాకి వెళ్తే చిలకల మీద ఒకటి, సంతకి వెళ్ళి చెప్పు తెంపుకుని వస్తే ఆ చెప్పు మీద ఒకటి. పెళ్ళిళ్ళలో థింసా ఆడేవాళ్ళు వాడి పాట కోసం కబురు పెట్టేవారు. వాడికి ఒక్కటే కోరిక. ఎప్పటికైనా ఏదో ఒక పాట కింద 'రచన, గానం: ఫల్గుణ' అని పడాలి. సినిమా అక్కర్లేదు, మేడ అక్కర్లేదు. ఫోనులో ఎవరి పాట వచ్చినా ముందు కింద పేరు చదివేవాడు. ఆ సంగతి రమణికి బాగా తెలుసు.

ధర్మతేజ ఒక వానాకాలంలో వచ్చాడు. పార్వతీపురంలో చిన్న స్టూడియో, పాటల చానెలు ఉన్నవాడు. కొండపాటలు రికార్డు చేసుకోవడానికి ఊరూరూ తిరుగుతూ వీళ్ళింట్లో దిగాడు. వాన పట్టుకుంది, కదలడానికి లేదు. రమణి వండిన చోడి అంబలి తాగి, వెదురుకొమ్ముల కూర తిని, 'అక్కా, నాకు ఇంకో తోబుట్టువు లేదు, నువ్వే' అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. వాడి బట్టలు పొయ్యి మీద ఆరబెట్టింది రమణి.

మబ్బు పాట ఆ వానలోనే పుట్టింది, ధర్మతేజ కళ్ళెదుటే.

*మబ్బుకేమో ఇల్లు లేదు, తడిసినోడికి గొడుగు లేదు*
*ఇద్దరొచ్చి సెట్టుకింద సేరినారు*
*సెట్టు మాత్రం ఏటంటాది?*

మూడో పాదం దగ్గర ఫల్గుణ చాలాసేపు తన్నుకున్నాడు. 'సెట్టు మాత్రం ఊరుకుంటాది' అని మొదట కట్టాడు. నచ్చలేదు. మార్చి పాడితే ధర్మతేజ పకపకా నవ్వి, "అదీ! అదుంచెయ్ తమ్ముడూ, మార్చకు" అన్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్న రమణి ఆ నవ్వు కూడా విన్నది.

సీకాయిపుట్టులో కొత్త పాటకి ఒక కట్టుబాటు ఉంది. చైత్రమాసంలో ఇటుకల పండగనాడు దాన్ని ముందు ఊరి దేవత రాళ్ళ దగ్గర పాడాలి. అక్కడ పాడేశాక అది కట్టినవాడిది కాదు. ఎవరు అడిగినా 'పెద్దోల పాట' అనాలి. 'నాను కట్టినాను' అన్నవాడిని ముసలమ్మలు ఏడాదిపాటు ఏడిపిస్తారు, 'పాటకి అమ్మా అయ్యా నువ్వే కాబోలు, నీళ్ళుకూడా నువ్వే పోసుకో' అని. ఎవరు కట్టారో ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసినదాన్ని నోటితో అనకపోవడమే మర్యాద.

ఆ పండగకి ఫల్గుణ మబ్బు పాట దేవత దగ్గర పాడాడు. పండగ దించిన మర్నాడు ధర్మతేజ కెమెరాతో వచ్చాడు. ఊరు ఊరంతా చుట్టూ నిలబడింది. పెద్ద మంగ్లు, ఊరి పూజారి, ముందు వరసలో కూర్చున్నాడు. పాట అయ్యాక ధర్మతేజ అడిగాడు.

"ఈ పాట ఎవరు రాశారు తమ్ముడూ?"

ఫల్గుణ తల వంచుకున్నాడు. "మా పెద్దోల పాటండి. మాదేటున్నాది."

మంగ్లు ముసలాడు తృప్తిగా తలాడించాడు. రమణికీ ఆ పూట తమ్ముణ్ణి చూస్తే గర్వమే కలిగింది, ఎంత అణకువ నేర్చాడు అని. పాట పుట్టినప్పుడు పక్కనే కూర్చుని నవ్వినవాడు ఆ ప్రశ్న ఎందుకు అడిగాడని ఆవిడకి తోచనే లేదు.

దసరా దాటాక పాట బయటికి వచ్చింది. పాడింది ఎవరో పట్నం గాయని. బస్సుల్లో, ఆటోల్లో, పెళ్ళి పందిళ్ళలో అదే పాట. కింద ఇలా ఉంది: 'సంప్రదాయ గిరిజన గీతం. సేకరణ, సంగీతం: ధర్మతేజ.'

ఫల్గుణ దాన్ని చదివాడు. మిషను పక్కన నిలబడి, తను పాడినది ఫోనులో తీసి నెట్‌లో పెట్టాడు, కింద తన పేరుతో. రెండు రోజుల్లో దాన్ని తీసేశారు. వేరొకరి హక్కున్న పాట అని నోటీసు వచ్చింది.

"ఏరా, వేరొకరంటే ఎవురు?" అంది రమణి.

"ఇంకెవురు, నీ తమ్ముడే. పొయ్యి మీద బట్టలారబెట్టినావు సూడు, ఆడు."

అక్కాతమ్ముళ్ళిద్దరూ పార్వతీపురం వెళ్ళారు. స్టూడియోలో కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది, మెర్లిన్ అని జి.మాడుగుల వైపు పిల్ల. ధర్మతేజ వీళ్ళని చూసి లేచి నిలబడి, టీ తెప్పించి, నొచ్చుకున్నట్టు మాట్లాడాడు.

"నేనేం తప్పు చేశాను అక్కా? తమ్ముడు ఏం చెప్పాడో అదే రాశాను. కావాలంటే విను." వీడియో పెట్టాడు. మా పెద్దోల పాటండి, మాదేటున్నాది.

"ఆడు కట్టినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కాదేటి? మూడో ముక్కకి నవ్వినావు కాదేటి?" అంది రమణి.

"నవ్వితే సాక్ష్యం అవుతుందా అక్కా?"

"మా ఇంట్లో తిన్నావు."

"తిన్నాను. కాదన్నానా? మీ ఊరి పెద్దల చేత చెప్పించండి, ఈ పాట ఫల్గుణ కట్టాడని. ఒక్క వీడియో చాలు. రేపే పేరు మార్చేస్తాను."

ఆ మాట పట్టుకుని వాళ్ళు సంబరంగా కొండెక్కారు. ఊళ్ళో తెలియనివాళ్ళు ఎవరున్నారు గనక! రమణి నేరుగా మంగ్లు ఇంటికి వెళ్ళింది.

"తాతా, పాట మావోడే కట్టినాడని ఫోనుకి ఓ ముక్క సెప్పు."

ముసలాడు చుట్ట పక్కన పెట్టాడు. "ఆడే కట్టినాడు. నాకు తెలవదేటి?"

"అదే సెప్పు మరి."

"దేవతకిచ్చిన పాట. ఇచ్చేసినదాన్ని ఎనక్కి నాగుతావేటి గుంటా? రేపు వానలు రాకపోతే నువ్వు సెప్తావా జవాబు? నాను సెప్పను. ఇంకెవుర్నీ సెప్పనివ్వను."

ఎవరూ చెప్పలేదు. ఫల్గుణతో కలిసి థింసా ఆడినవాళ్ళు, వాడి చేత చెల్లెళ్ళ పెళ్ళిళ్ళలో పాడించుకున్నవాళ్ళు, ఒక్కొక్కరే 'తాత కాదన్నాడు కదా' అని తలుపు దగ్గరికి వేశారు. ఆ కబురు ముందే తెలిసినవాడిలా ధర్మతేజ ఫోను ఎత్తడం మానేశాడు. అన్ని కొండపాటలు రికార్డు చేసినవాడికి ఆ కట్టుబాటు తెలియకుండా ఉంటుందా? తెలిసే ఆ ప్రశ్న అడిగాడు, తెలిసే ఆ సాక్ష్యం కోరాడు. రమణికి అది అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. పరాయివాడి మోసం కంటే మంగ్లు తాత నిజం ఆవిడని ఎక్కువ కోసింది. అబద్ధమాడినవాణ్ణి తిట్టుకోవచ్చు. నిజం ఒప్పుకుని నోరు మూసుకున్నవాణ్ణి ఏమని తిడతాం?

ఆ తర్వాత ఫల్గుణ అరకులో ఒక రిసార్టులో కుదిరాడు. సాయంత్రాలు నెగళ్ళ దగ్గర టూరిస్టులకి పాడేవాడు. మెర్లిన్ అప్పటికి స్టూడియో మానేసి అక్కడే మైకులు చూసుకునే పనిలో చేరింది. వచ్చినవాళ్ళందరూ మబ్బు పాటే అడిగేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి లేచి, "ఒరిజినల్‌లో ఇలా లేదయ్యా, రాగం తప్పుతున్నావు. ముందు బాగా విని నేర్చుకో" అన్నాడట. ఫల్గుణ ఇంటికి వచ్చి ఆయన్ని అనుకరించి చూపించాడు, బొజ్జ మీద చెయ్యి వేసుకుని మరీ. రమణి నవ్వలేదు.

"నువ్వేటన్నావు?"

"'అలాగేనండి, నేర్సుకుంటాను' అన్నాను. ఏటంటాను మరి?"

రమణి మాత్రం ఆ పాటతో పొత్తు తెంచుకుంది. సంతలో అది మోగితే ఆ దుకాణంలో కొనకుండా వచ్చేసేది. జీపులో పెడితే మొదలైన చోటే 'ఆపు బాబూ, తల తిప్పుతంది' అనేది. అంగన్వాడీ పిల్లలు పాడబోతే గుడ్డు లేదని బెదిరించేది. రెండో చలికాలం వచ్చింది. కాఫీ పండింది. ఫల్గుణ గింజలు తిరగేశాడు.

దినాలకి మంగ్లు తాత కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు శవం లేచిన చోట కూర్చుని వాడి పాటలే ఒకటి తర్వాత ఒకటి ఎత్తుకుని ఏడ్చారు, 'నువ్వు కట్టినావు కొడుకో' అని. ఇప్పుడు అనడానికి ఎవరికీ అడ్డు లేదు. రమణి కళ్ళలో నీళ్ళు రాలేదు. లేచి లోపలికి పోయింది.

వాడి గొంతు మిగిలింది ఫోనులోనే. దాని తాళం గీత ఎవరికీ తెలియదు. అరకులో ఒక ఫోన్ల దుకాణానికి తీసుకెళ్తే తాళమైతే తీశాడు, లోపల ఉన్నదంతా తుడిచిపెట్టి. 'మళ్ళీ కొత్తదానిలా అయింది చూడమ్మా' అని చేతిలో పెట్టాడు.

మెర్లిన్ చాలా రోజులకి కొండెక్కి వచ్చింది. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే తిప్పుతూ ఉండిపోయింది.

"అక్కా, మీతో ఒకటి చెప్పాలి. ఆ పాట మిక్సింగ్ చేసింది నేనే. మొదట్లో మాటలు రాకముందు ఒక కూనిరాగం వస్తుంది కదా..."

"నాను ఇనలేదు."

"అది ఆ గాయనికి ఎన్నిసార్లు పాడినా రాలేదు. ధర్మతేజ గారు ఇక్కడ తీసిన రికార్డులోంచి ఆ ముక్క కోసి అతికించమన్నారు. అది ఫల్గుణ గారి గొంతే అక్కా. ఇప్పటికీ అదే ఉంది."

రమణి ఆ పిల్ల చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

"ఆడికి తెలుసా?"

"విన్న మొదటి రోజే పోల్చుకున్నారట. రిసార్టులో నన్ను చూడగానే అదే అడిగారు, నాదే కదా అని. మీదే అంటే ఎంత సంతోషపడ్డారో. అక్కకి చెప్పలేదా అన్నాను." మెర్లిన్ తల దించుకుంది. "'వద్దు, మా అప్పకి సెప్పకండి. తెలిసిందంటే పార్వతీపురం ఎల్లి, ఆ ముక్క కూడా పీకించేస్తాది' అన్నారు."