మిమోజా నోరు

నా కోడలు మిమోజాను నేను మెచ్చుకోగా మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఇప్పుడు మెచ్చుకుంటున్నానని కూడా ఎవరూ అనుకోవద్దు. కూరలో ఉప్పు తక్కువ వేస్తుంది. కప్పులు కడిగితే బోర్లించదు. ఆమెకు ఉన్నదల్లా నోరు. అల్బేనియాలో, మా పొగ్రాదెచ్ పట్నం పైనున్న కొండ ఊళ్లో మేకలు కాస్తూ పెరిగింది. ఆమె కేక వేస్తే అవతలి గట్టు మీది మేక కూడా తల తిప్పి చూసేది. ఆ నోటితోనే మా అబ్బాయి పెత్రిత్ వెంట గ్రీసుకు వచ్చింది. వోలోస్‌లో ఒక హోటలుకు దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ ఇద్దరు పిల్లల్ని కన్నది. వాళ్లను చూసుకోవడానికి నన్ను పిలిపించారు.

మూడో అంతస్తులో మాకు రెండు గదులు, ఒక బాల్కనీ. సాయంత్రం పనినుంచి రాగానే మిమోజా ఆ బాల్కనీలో నిలబడి, కింద సందులో ఆడుకునే పిల్లల్ని మా భాషలో పిలిచేది.

"ఒరే ఎర్గీస్, చెల్లెల్ని తీసుకుని పైకి రా. రాలేదో, నీ జున్ను రొట్టె, ఆ బ్యురెక్, మీ నాన్నకు పెట్టేస్తా."

రెండో అంతస్తు స్తాథిస్ వెంటనే తన కిటికీ ధడాలున మూసుకునేవాడు.

ఎర్గీస్‌ను చిన్నపిల్లల బడిలో వేసి ఏడాది గడవబోతున్నా వాడు అక్కడ నోరు విప్పలేదు. పంతులమ్మ స్తమాతియా, పెత్రిత్‌ను పిలిపించి చెప్పింది. ఇంట్లో మీ భాష మానేయండి, గ్రీకే మాట్లాడండి, లేకపోతే వీడిని ఒకటో తరగతికి పంపను, ఇంకో ఏడాది ఇక్కడే కూర్చోబెడతాను అని.

పెత్రిత్ పనిచేసే చోట తన పేరు గ్రీకువాడిలా పెత్రోస్ అని చెప్పుకుంటాడు. అలాంటివాడు కాదంటాడా? ఇంటికొచ్చి ఆజ్ఞ వేశాడు.

"ఇవాళ్టినుంచి ఇంట్లో గ్రీకే. అమ్మా, నువ్వు కూడా."

"నాకు రొట్టె, పాలు తప్ప ఇంకో మాట రాదు కదరా. వాటితో మనవళ్లను ఎలా ఆడించను?"

"నేర్చుకో."

అలా నేను మూగదాన్నయ్యాను. అది పోనీయండి, మిమోజా అవస్థ చూడాల్సింది. ఆమెకు వచ్చిన గ్రీకంతా హోటలు గ్రీకు. తడి, పొడి, మడత, త్వరగా. పిల్లాడు పాలు ఒలకబోస్తే తిడదామని నోరు తెరిచేది, మాట దొరక్క మూసేసేది. చిన్నది ఎరా నిద్రకు ఏడిస్తే జోల పాడకుండా ఉత్తినే వీపు తట్టేది. బడిలో మాట్లాడని పిల్లాడు ఇంట్లోనూ మాట్లాడడం మానేశాడు. భోజనాల దగ్గర చెంచాల చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు.

ఒక సాయంత్రం ఎరా బంతి వెంట సందు చివరికి పరుగెత్తింది. మలుపులో మోటారు సైకిలు వస్తోంది. బాల్కనీలోంచి మిమోజా చూసింది, నోరు తెరిచింది. గ్రీకులో ఆగు అనే మాట ఎంతకీ రాలేదు. చివరికి మా భాషలో వేసింది కేక. పిల్ల ఉన్నచోటే నిలబడిపోయింది. బండి దాని ముందునుంచి దూసుకుపోయింది.

ఆ రాత్రి పెత్రిత్‌తో అంది: "నా బిడ్డ బండి కింద పడబోతుంటే నేను మాట వెతుక్కుంటూ నిలబడ్డాను. ఇంక వెతకను."

"పిల్లాడిని బడిలో ఆపేస్తారే."

"ఆపుకోనీ. ఏడాది పోతే పోయింది. నాతో మాట్లాడని కొడుకుని నేనేం చేసుకోను?"

మర్నాటినుంచి బాల్కనీలో ఇంకా గట్టిగా పిలిచింది. స్తాథిస్ మెట్లెక్కి వచ్చాడు.

"ఇది గ్రీసమ్మా," అన్నాడని పెత్రిత్ చెప్పాడు. అతనికి అర్థమైనా కాకపోయినా మిమోజా మా భాషలోనే అందుకుంది.

"తెలుసండీ. మీ మేనకోడలి పెళ్లికి వచ్చినవాళ్లు మా హోటల్లో పడుకున్న దుప్పట్లు నేనే ఇస్త్రీ చేశాను. అప్పుడు ఏ భాషలో చేశానో ఎవరూ అడగలేదే."

వేసవి సెలవులకు బడి మూసే ముందు, పిల్లాడి సంగతి తేల్చడానికి పంతులమ్మ అందరినీ రమ్మంది. ఎరాను ఎత్తుకోవడానికి నేనూ వెళ్లాను. ఆవిడ ఏదో అడిగింది. పెత్రిత్ వంగి వంగి జవాబిచ్చి నా చెవిలో చెప్పాడు: "ఇంట్లో గ్రీకే మాట్లాడుతున్నారా అంటే, అవునన్నాను."

"లేదు," అంది మిమోజా గ్రీకులో. ఆ ముక్క హోటల్లో నేర్చుకున్నదే. ఆ పైన చెప్పడానికి మాటలు చాలలేదు. కొడుకు వైపు తిరిగి మా భాషలో, "నాన్నా, నేను అన్నది అన్నట్టు ఈవిడకు చెప్పు," అని ఇలా అంది.

"ఇంట్లో మేం మా భాషే మాట్లాడతాం. నెల్లాళ్లు మానేశాం, పిల్లాడు రెండు చోట్లా మూగవాడయ్యాడు. దుప్పట్లు మడిచే మాటలతో పిల్లల్ని పెంచడం నావల్ల కాదు. గ్రీకు నేర్పడం మీ పని, మీరు నేర్పండి. నా పని నేను చేస్తున్నా. వీడిని ఇక్కడే ఉంచుతానంటే ఉంచుకోండి, నేను మాత్రం ఇలాగే పిలుస్తా. ఇది అర్థంకాకపోతే గాడిదలకు చెప్పుకోండి పాఠాలు."

ఎర్గీస్ వాళ్లమ్మను చూశాడు, పంతులమ్మను చూశాడు. తర్వాత గ్రీకులో మొదలుపెట్టాడు. నాకు ఒక్క ముక్క అర్థంకాకపోయినా, పిల్లాడు తడుముకోకుండా చెప్పుకుపోతున్నాడని తెలుస్తూనే ఉంది. మధ్యలో, మూగవాడు అనే మాట దగ్గర కాబోలు, ఆగి అరచేత్తో నోరు మూసి చూపించాడు. పంతులమ్మ ఆ మాట అందించింది. అందుకుని మళ్లీ సాగాడు. పెత్రిత్ నుదురు తుడుచుకుంటున్నాడు.

అంతా విని ఆవిడ తన పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆ తర్వాత పొడిగా ఏదో అంది.

"ఏమందిరా?" అన్నాను.

"సెప్టెంబరుకి ఒకటో తరగతి సంచీ కొనుక్కోమంది నాన్నమ్మా."

బయటికి రాగానే మిమోజా వాడి చెవి పట్టుకుంది.

"అన్నీ చెప్పావా?"

"గాడిదలు తప్ప అన్నీ."

"అదెందుకు మింగావు?"

"టీచర్ మంచిదమ్మా."

"మంచిదైతే ఏం? నేను అన్నాను కదా. పద, వెనక్కి వెళ్లి చెబుదువుగాని."

"ఇంక చాల్లేవే తల్లీ, గెలిచావుగా," అన్నాడు పెత్రిత్. బజారు మధ్యలో, మా భాషలో, గొంతు తగ్గించకుండా అన్నాడు.