పదో చొక్కా

చుట్టరికం ఏమీ లేదు, అయినా మా లైన్లో అందరూ ఆయన్ని మామ అనే పిలుస్తారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. రామంతాపూర్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, కన్ను మూతపడేదాకా ఫోన్ చూసే నాకు పరుగు నేర్పింది ఆయనే. "పొట్ట జూడు, గొడ్డు లెక్క పెంచినవ్" అని మొదటిరోజు లైన్లో అందరి ముందూ అన్నాడు. కోపమొచ్చింది. మర్నాడు బూట్లు కొనుక్కున్నాను.

మేడిపల్లి దాటి వరంగల్ రోడ్డు మీద కొంత దూరం పోయి లోపలికి తిరిగితే రాళ్ళ గుట్టలొస్తాయి. అక్కడ ఏటా యాభై కిలోమీటర్ల పరుగు పెడతారు. గుట్టల చుట్టూ రెండు చుట్లు తిరగాలి. పొద్దున ఐదింటికి మొదలు, మధ్యాహ్నం రెండింటికి ముగింపు. ఆలోపు వచ్చిన వాళ్ళకి పసుపు చొక్కా ఇస్తారు. మామ తొమ్మిది చొక్కాలు గెలిచాడు. ఏటా పాతది తొడుక్కుని పరుగెత్తేవాడు. కొత్తది రాగానే పాతదాన్ని ఉతికించి, గుట్ట మీద మేకలు కాసే అతనికి ఇచ్చేవాడు. దారి తెలియడానికి కొమ్మలకు ఎర్ర రిబ్బన్లు కడతారు కదా, వాటిని మేకలు తినకుండా అతను చూసుకునేవాడు. అది వాళ్ళిద్దరి ఒప్పందం.

"పదోది మాత్రం ఎవ్వనికియ్య. అది నాదే" అనేవాడు.

ఆ పదోదాని కోసం పరుగెత్తే ఏడు, గుండె డాక్టరు ఈ ఒక్కసారికే సరే అన్నాడు. అది కూడా, నిదానంగా పోవాలి, పంతానికి పోయి ఉరకొద్దు అని. అదే ఏడు నా మోకాలు మొండికేసింది. ఉత్తగా ఇంట్లో ఎందుకని, రెండో చుట్టులో ఆఖరి మనిషి వెనక నడిచే పని ఒప్పుకున్నాను. అతన్ని దాటిపోకుండా, రిబ్బన్లు విప్పి సంచిలో వేసుకుంటూ రావాలి. చెయ్యి మాత్రం అందించకూడదు. అందిస్తే అతని పరుగు చెల్లదు.

ఆఖరి మనిషి మామే.

పన్నెండు కావస్తుండగా ఒక పెద్ద బండ దగ్గర ఆగాడు. ఇంకా ఎనిమిది కిలోమీటర్లుంది, రెండు గంటల పైన టైముంది. నడిచినా సరిపోతుంది. "అల్లుడా, జర ఆగు, అటు వొయ్యొస్త" అని బండ వెనక్కి వెళ్ళాడు. నేను మర్యాదగా ఇటు తిరిగి, నీడలో మోకాలు చాపి కూర్చున్నాను. కళ్ళు మూశాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎంతసేపో తెలియదు, ఐదు నిమిషాలో పదో.

కళ్ళు తెరిస్తే మలుపు దగ్గర పసుపు చొక్కా పోతోంది. చెప్పకుండానే వెళ్ళిపోయాడే! మామకి అలాంటి టెక్కు ఉంది. నవ్వుకుంటూ లేచి, రిబ్బన్లు విప్పుకుంటూ వెనకే కుంటుతూ నడిచాను. దారి రెండుగా చీలే చోట కుడివైపు కట్టిన రెండూ విప్పాను. ఇంకో కిలోమీటరు పోయాక పసుపు చొక్కా ఆగింది, ఈల వేసింది. పొదల్లోంచి మేకలొచ్చాయి.

మామ ఇచ్చిన చొక్కాయే. కిందటేడు ఇచ్చింది.

"సారెక్కడున్నడు?" అన్నాడతను, నా వెనక చూస్తూ.

బరువని మామ ఫోన్ తెచ్చుకోడు. మోకాలితో పరుగెత్తలేను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, విప్పిన రిబ్బన్లన్నీ మళ్ళీ కట్టుకుంటూ వెనక్కి నడిచాను. ఒక్కో ముడినీ లాగి బిగించాను. చీలిక దాకా వచ్చి "మామా! మామా!" అని అరిచాను. ఎడమ దారి హైవేకి పోతుంది. నా తర్వాత వచ్చి, రిబ్బన్లు లేక అటే పోయుంటాడని తెలుసు. కానీ నేను అటు పోయి, ఆయన ఇంకోవైపు నుంచి వస్తే? అక్కడే నిలబడ్డాను. జీవితంలో అంత పనికిరానివాడిగా ఎప్పుడూ నిలబడలేదు.

ఒంటిగంట దాటాక ఎడమ దారిలోంచి వచ్చాడు, మొహమంతా ఉప్పు చారలతో.

"రిబ్బన్లు కనవడలే, ఎండల తొవ్వ మర్చిన. రోడ్డు దాక వోయిన. ఒక బండి ఆయన ఎక్కుమన్నడు. ఎట్ల ఎక్కుత? తప్పిన కాడికే రావాలె కదా" అన్నాడు. కొమ్మకి నేను మళ్ళీ కట్టిన రిబ్బన్ చూశాడు. కుడి దారి పట్టాడు.

నేనే చెప్పాను, చొక్కా చూసి మోసపోయానని. "నేనిచ్చిన అంగే నన్ను ముంచింది" అని నవ్వాడు, ఆయాసపడుతూ.

ఆరు కిలోమీటర్లకి పైన మిగిలింది, గంట కూడా లేదు. ఉరుకు మామా అనలేను, డాక్టరు మాట గుర్తుంది. ఆగు మామా అనలేను, అది పదోది. దిగుడు రాళ్ళ మీద రెండుసార్లు తూలాడు. చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి లాక్కున్నాను. ముందు ఆయన, వెనక నేను, మధ్యలో నా తప్పు. ఏడుపొచ్చింది. ఆయన వెనక్కి తిరగడులే అని ఏడ్చాను కూడా.

రెండూ ఇరవైకి చేరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అరటిపండు ఇచ్చారు, కుర్చీ వేశారు. తప్పు నాదేనని, ఆయనకి టైము కలపమని బతిమాలాను. "రూల్ అందరికీ ఒకటే కదన్నా" అన్నాడు పోటీ నడిపే పెద్దాయన, తల దించుకుని. వాళ్ళనేం అనగలను?

ఉప్పల్ మీదుగా తిరిగొస్తుంటే నా బండి వెనక కూర్చుని, "మేకలు తింటయి. నువ్వు మల్ల గట్టిన రిబ్బన్లు ఇప్పాలె" అన్నాడు.

తర్వాతి ఆదివారం ఇద్దరం వెళ్ళాం. మేకలాయన ఎదురొచ్చి, అలవాటు ప్రకారం మామ చేతిలోని కవరు వైపు చూశాడు. మామ అందులోంచి తొమ్మిదో చొక్కా తీశాడు. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది.

"కొత్తదొచ్చిందా సారూ?" అన్నాడతను సంబరంగా.

"ఇంగ రాదు తమ్మీ. జర పైలంగ ఏస్కో."

అతను అక్కడే తొడుక్కుని మేకల వెంట పోయాడు. వెనక నుంచి చూస్తే అచ్చం మామే. ఈసారి మోసపోలేదు. మామ నా పక్కనే ఉన్నాడు, నేను బిగించి కట్టిన ముడిని గోళ్ళతో విప్పుతూ.