చెల్లె ఫోటోల వడని వెలుగు

మన ఈడోళ్లకు యాదున్నదా, ఫ్లాష్ ఛార్జ్ అయ్యేటప్పుడు సన్నగ కుయ్యిమనే ఆ సప్పుడు? మనవరాలి ఇరవై ఒకటో దినం ఫోటోలకు ఫ్లాష్ కొందామని మొన్న హన్మకొండల షాపుకు పోయిన. ఆ సప్పుడు ఇనంగనే మా పాత ఇల్లు కండ్లల్ల మెదిలింది.

మగ్గాల ఇల్లు, పగలు సుత చీకటే. మా చెల్లె ఇరవై ఒకటో దినాన నాయిన ఫోటోగ్రాఫర్‌ను పిలుచుకొచ్చిండు. ఆయన ఫ్లాష్ ఎత్తంగనే నాయినమ్మ అడ్డమొచ్చింది.

"వద్దు బిడ్డా, పసిదాని కండ్లు పోతయి."

"చీకట్ల ఏం రాదమ్మా," అన్నడు ఫోటోగ్రాఫర్.

"వచ్చినంతే రానీ."

ఫ్లాష్ లేకుండనే తీసిండు. నెల తిరగకముందే జ్వరమొచ్చి చెల్లె పోయింది. ఆ ఒక్క ఫోటోల చెల్లెను సుట్టిన తెల్లగుడ్డ అంచు కనవడతది, తక్కినదంత నలుపే.

షాపతను తల అటిటు తిరిగే ఫ్లాష్ చూపెట్టిండు. "తెల్లగోడ దిక్కు తిప్పి కొట్టుండ్రి మేడం, వెలుగు మెత్తగ వడతది. పిల్ల కండ్లకు ఏం కాదు."

గింతేనా! గీ ముక్క ఆనాడు ఒక్కలు చెప్పలేకపోయిండ్రా?

ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన. పెట్టెల నుంచి ఆ ఫోటో తీసి, నలుపు మీద వేలు పెట్టింది.

"ఇగో, గీడ దాని ముక్కు."