మూడు నిమిషాల పట్టు

భూగర్భ రైలు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నెత్తి పైన వేలాడే బోర్డు చూసే ఉంటారు. తర్వాతి రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది. అదంతా యంత్రమే చూసుకుంటుందనీ, దాని వెనకాల మనిషెవడూ ఉండడనీ జనం అనుకుంటారు. ఎందుకుండడు, ఉంటాడు. ఒక లైను మొత్తానికి, పదకొండు స్టేషన్లకి, పగటి షిఫ్టులో ఇరవై ఆరేళ్ళు అలా ఉన్నవాడి కథే ఇది. ఆఫీసులో అతన్ని నిమిషాలాయన అనేవాళ్ళు.

అతని గది మెట్ల కింద ఉండేది. కిటికీ లేదు. నాలుగు తెరలు, ఒక మైకు, ఒక చక్రం ఊడిపోయి ఎటు కూర్చున్నా ఎడమకే ఒరిగే కుర్చీ. ఫోన్లు గది బయట బీరువాలో పెట్టి లోపలికి రావాలని రూలు. మోగితే ఆ మోత మైకులో పడి పదకొండు స్టేషన్లకీ వినిపిస్తుందని. రైళ్ళు సవ్యంగా నడిచినంతసేపూ అతనికి పెద్ద పనేమీ ఉండేది కాదు. రైలు ఎక్కడుందో పట్టాలు చెబుతాయి, ఎంతసేపట్లో వస్తుందో యంత్రం లెక్క కడుతుంది, అంకె దానంతటదే బోర్డెక్కుతుంది. ఎక్కడైనా రైలు ఆగిపోతేనే అతని పని మొదలు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ కాగితం మీదా రాసి ఉండదు గానీ ఆ గదిలో కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. చేరిన కొత్తలో మీసాలాయన అనే సీనియరు అతనికి నేర్పాడు.

"బోర్డు మీద పది దాటిన అంకె కనబడిందంటే జనం ఒక్కుమ్మడిగా మెట్ల మీదికి ఎగబడతారోయ్. పైనుంచి దిగేవాళ్ళు దిగుతూనే ఉంటారు. మధ్యలో నలిగేది ముసలివాళ్ళూ పిల్లలూను. అందుకని అంకెని చేత్తో పట్టుకో. మూడు దగ్గర పట్టుకో. మూడు నిమిషాలంటే ఎవడూ కదలడు. రైలు కదిలాక వదిలెయ్యి."

దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పట్టు. లోపల యంత్రం పద్దెనిమిది అని మొత్తుకుంటుంటే బయట బోర్డు మూడు దగ్గరే నిలబడి ఉంటుంది. దానికి తోడు మైకులో, "రైలు మూడు నిమిషాల్లో వస్తుంది, దయచేసి ప్లాట్‌ఫారం మీదే ఉండండి" అని చెప్పాలి. మీసాలాయన ఊరికే అన్న మాట కాదది. ఆయన కళ్ళ ముందే ఒకసారి మెట్ల మీద తొక్కిసలాట జరిగింది. అబద్ధమే అయినా పదిమంది మంచికి ఆడిన అబద్ధం కదా అని అందరూ మనసుకి సర్దిచెప్పుకునేవాళ్ళు. మనవాడికి ఆ సర్దిచెప్పుకోవడం కూడా అవసరం రాలేదు. అతనికది గర్వంగా ఉండేది. గొంతు కూడా అలాంటిదే పాపం, నిదానంగా, నమ్మకంగా, ఇంట్లో పెద్దాయన పలికినట్టు ఉండేది. "మీరు మూడు నిమిషాలంటే షెడ్డులో ఉన్న రైలు కూడా లేచి వచ్చేట్టుంటుంది సార్" అని టికెట్ల కిటికీలో కూర్చునే అమ్మాయి ఆటపట్టించేది. అతను నవ్వి ఊరుకునేవాడు గానీ ఆ మాట ఇంటికెళ్ళి భార్యకి చెప్పుకునేవాడు.

అతనికొక చెల్లెలు. ఏడేళ్ళు చిన్నది. బట్టలు కుట్టేది. భర్త పోయాక తల్లి దగ్గరికే వచ్చేసి, తొమ్మిదేళ్ళపాటు ఆవిణ్ణి కంటికి రెప్పలా చూసుకుంది. స్నానం చేయించడం, మందులు వేయడం, నొప్పిగా ఉన్నప్పుడు వీపు రాస్తూ కూర్చోవడం, అన్నీ తనే. అన్నగారు వారానికోసారి రెండు పళ్ళు పట్టుకుని వెళ్ళి, తల్లి మంచం పక్కన అరగంట కూర్చుని వచ్చేవాడు. అనకూడదు గానీ, చాలామంది కొడుకుల సేవ ఆ పళ్ళ సంచీలోనే సరిపోతుంది. చెల్లెలు మాత్రం ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. ఆ అమ్మాయికి అన్నయ్యంటే కొండంత గురి. స్టేషన్లో పక్కన నిలబడ్డవాళ్ళకి బోర్డు చూపించి, "అది మా అన్నయ్య చేతిలో ఉంటుంది" అని చెప్పుకునేది.

తల్లికి కడుపులో గడ్డ లేచి ఆసుపత్రిలో చేర్చారు. పన్నెండు రోజులైంది. ఆ మంగళవారం మధ్యాహ్నం చెల్లెలు స్నానం చేసి, మార్చుకునే బట్టలు తెచ్చుకుందామని ఇంటికి వచ్చింది. రెండు గంటలకి ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. "మీ అమ్మగారికి బాగాలేదు, వెంటనే వచ్చెయ్యండి" అంది. తడిజుట్టు ముడేసుకుని, బట్టల సంచీ కూడా అక్కడే వదిలేసి పరిగెత్తింది. వీధి చివరే స్టేషను. ఆసుపత్రి నాలుగో స్టాపు. పైన రోడ్డు మీద బస్సెక్కినా పదిహేను నిమిషాల ప్రయాణం. కిందికి దిగి చూస్తే బోర్డు మీద మూడు అని ఉంది.

సరిగ్గా ఆ పూటే, రెండు స్టేషన్ల అవతల సొరంగంలో ఒక రైలు తలుపులు మూసుకోక ఆగిపోయింది. మెట్ల కింద గదిలో యంత్రం ఇరవై రెండు అంది. నిమిషాలాయన చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్ళింది. పట్టు వేశాడు. మైకు అందుకుని చెప్పాడు. కాసేపాగి మళ్ళీ చెప్పాడు. ప్లాట్‌ఫారాల మీద జనం కదలకుండా నిలబడి ఉండటం తెరల మీద కనబడుతూనే ఉంది. ఆ తలకాయల్లో తన చెల్లెలి తలకాయ ఒకటని అతనికి తెలియదు. రైలు కదిలాక పట్టు వదిలి, ఇవాళ కూడా ఎవరికీ దెబ్బ తగలకుండా గట్టెక్కించానని చల్లటి నీళ్ళు తాగాడు.

నాలుగింటికి షిఫ్టు దిగి, బీరువాలోంచి ఫోను తీసుకుంటే తొమ్మిది పిలుపులు ఎత్తకుండా పోయి ఉన్నాయి. ఆసుపత్రికి పరిగెత్తాడు. వార్డు బయట బల్ల మీద చెల్లెలు కూర్చుని ఉంది.

"అయిపోయిందన్నయ్యా. నేనొచ్చేసరికి పది నిమిషాలైందట" అంది. మళ్ళీ తనే, "బోర్డు మీద మూడు నిమిషాలని ఉంది. నువ్వు కూడా మైకులో చెప్తున్నావు. ఇంకెంతసేపులే అని నిలబడిపోయాను. బుద్ధి లేకపోయింది నాకు. బస్సెక్కాల్సింది" అంది.

చెప్పెయ్యబోయాడు. ఏడుపే వచ్చింది. తల్లి పోయిన కొడుకు ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని ఎవరడుగుతారు? చెల్లెలు పైగా తనే అతని వీపు నిమిరింది.

ఆ తర్వాత పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ అమ్మాయి ఒకటే మాట చెప్పేది. "మెట్లెక్కడానికి బద్ధకించాను. అమ్మ నన్ను చూడకుండానే పోయింది." చుట్టాలు వద్దన్నకొద్దీ అదే చెప్పేది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. వేళకి తినడం మానేసింది. నాలుగు నెలల్లో మనిషి సగమైంది. అన్నగారు ఆదివారం ఆదివారం వెళ్ళి ఎదురుగా కూర్చునేవాడు. నిజం గొంతు దాకా వచ్చేది. మింగలేడు, కక్కలేడు.

భార్యకి చెప్పుకున్నాడు. ఆవిడ తలుపు దగ్గరగా వేసి మెల్లిగా అంది. "చెప్పి ఏం సాధిస్తారండీ? పోయినావిడ తిరిగొస్తుందా? ఉన్న ఒక్క చెల్లెలూ దూరమవుతుంది. మీరేం కావాలని చేశారా, ఉద్యోగం చేశారు."

"దాని ఒళ్ళు చూశావా? అది తనని తానే తినేస్తోంది" అన్నాడు.

"కాలమే మరిపిస్తుంది. మీరు ఊరుకోండి" అంది ఆవిడ.

కొన్నాళ్ళు ఊరుకున్నాడు కూడా. ఒక ఆదివారం పొద్దున వెళ్ళేసరికి గుమ్మంలో పక్కింటావిడతో చెల్లెలు, "నాలాంటి కూతురు పగవాళ్ళకి కూడా వద్దు" అంటోంది. అది విన్నాక ఇక అతనివల్ల కాలేదు. పక్కింటావిడ వెళ్ళిపోయేదాకా ఆగి, చెల్లెలి వెనకాలే వంటింట్లోకి వెళ్ళాడు. ఆ అమ్మాయి తల్లి పాత చీరల్ని చదరపు ముక్కలుగా కత్తిరిస్తోంది, గిన్నెలు తుడుచుకోవడానికి.

"ఆరోజు తప్పు నీది కాదమ్మా" అన్నాడు.

"మళ్ళీ ఆ మాటెందుకన్నయ్యా. యంత్రం చెడిపోతే ఎవరేం చేస్తారు."

"యంత్రం చెడిపోలేదు. అది ఇరవై రెండనే చెప్పింది. మూడని పెట్టింది నేను."

కత్తెర ఆగింది. అతను పట్టు సంగతంతా చెప్పాడు. మెట్లూ, తొక్కిసలాటా, మీసాలాయనా, ఇరవై ఆరేళ్ళుగా తను చేస్తున్నదీ, ఏదీ దాచలేదు. చెల్లెలి మొహంలోకి చూడకుండా గిన్నెల బల్లకేసి చూస్తూ చెప్పాడు.

"ఇరవై రెండని నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"తెలిసే మైకులో చెప్పావా?"

"చెప్పాను. నాలుగైదుసార్లు."

"ఏడుసార్లు" అంది.

తిడుతుందనుకున్నాడు. పోనీ రెండు దెబ్బలు వేసినా బాగుండుననుకున్నాడు. ఆ అమ్మాయి మీద నుంచి బరువు దిగుతుంది. నిజం చెప్పాలంటే, తన మీద నుంచి కూడా కొంత దిగుతుందని అతని ఆశ. చెల్లెలు కత్తెర పక్కన పెట్టి, పీట మీద కూర్చుంది.

"నీకొకటి చెప్పలేదన్నయ్యా. నా పాపం నాతోనే పోనీ, నువ్వు తట్టుకోలేవని దాచాను. ఆరోజు ప్లాట్‌ఫారం మీద నుంచి నర్సమ్మకి ఫోన్ చేశాను. రైలు మూడు నిమిషాల్లో వస్తోందట, మా అన్నయ్యే చెప్తున్నాడు, ఇంకాసేపట్లో నీ దగ్గరుంటానని అమ్మకి చెప్పమన్నాను. నర్సమ్మ చెప్పింది. అప్పటికే అమ్మ నొప్పితో మెలికలు తిరుగుతోందట. ఇంజక్షను సిద్ధంగా పట్టుకునే ఉందట ఆవిడ. అది పొడిస్తే నొప్పి తెలియకుండా నిద్రలోకి వెళ్ళిపోతుంది. అమ్మ చెయ్యి లాగేసుకుందట. 'మా అమ్మాయి వస్తోంది, మా అబ్బాయి చెప్పాడుగా, దాన్ని చూశాక పొడుద్దువుగాని' అందట."

చెల్లెలు ఒక చీర ముక్కని మడతపెడుతూ చెప్పింది.

"నర్సమ్మ మళ్ళీ రెండుసార్లు అడిగిందట, ఇచ్చెయ్యనా అమ్మా అని. వద్దందట. తలుపు కేసే చూస్తూ ఓర్చుకుందట. ఆ ఇరవై నిమిషాలూ అలాగే ఉండి ప్రాణం వదిలింది."

అతను అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈసారి చెల్లెలు వీపు నిమరలేదు. అతను ఏడ్చినంతసేపూ కూర్చుని, "ఇంటికెళ్ళన్నయ్యా, ఇవాళ నీతో మాట్లాడలేను" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వారం చెల్లెలు మిషను మీద గుడ్డ తీసింది. బద్ధకించానన్న మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు. వేళకి తిని కాస్త ఒళ్ళు చేసింది కూడా. నిమిషాలాయన మెట్ల కింద గది వదిలేసి, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు భద్రపరిచే చోటికి మార్పించుకున్నాడు. ఎందుకని అడిగితే గొంతు పాడైందని చెప్పాడు. అక్కడే మిగతా సర్వీసు పూర్తి చేసి దిగిపోయాడు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. అన్నాచెల్లెళ్ళు విడిపోయారని ఎవరూ అనరు. చెల్లెలు అతని పిల్లలకి బట్టలు కుట్టి పంపుతుంది, వదినతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతుంది. ఆదివారం అతను బయల్దేరే ముందు ఫోన్ చేసి వస్తున్నానంటే, సరే రా అంటుంది. ఎంతసేపట్లో వస్తావని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.