కొయ్య చట్రం, తోలు మడతలు

ఓర్వకల్లు దాటినాక గుంటల రోడ్డులో కారు ఒక్క కుదుపు కుదిపింది. నా అరచేయి ఆనించిన తలుపు కంబం పక్కకు వాలి మళ్లీ లేచింది. ఆ క్షణంలో తలుపు సందులోంచి కింద పరిగెత్తే రోడ్డు కనిపించింది. ఆ తలుపుకే తల ఆనించి నాలుగేళ్ల మా అమ్మాయి నిద్రపోతోంది. పిల్లను ఒళ్లోకి లాక్కున్నాను. కర్నూలు చేరేదాకా వదల్లేదు.

డాక్టరైన మా ఆయన, ఒక జమీందారు వదిలించుకున్న ఆ పెద్ద కారును ముచ్చటపడి కొన్నారు. మఖమల్ సీట్లు, వెండిలా మెరిసే పిడులు. పైకంతా రేకు, లోపల కొయ్య చట్రం. మా ఎండలకు ఆ కొయ్య ఎండి, కీళ్లు వదులై, కారంతా గలగలమనేది. భయమేస్తోందని చెబితే, కాలేజీలో చదివినదానివి చప్పుడుకు జడుస్తావా అని ఆయన నవ్వారు. వచ్చే నెల పిల్లలిద్దరినీ తీసుకొని అందులోనే కడపకు, మా అమ్మ దగ్గరికి పోవాలి. నాకు నవ్వు రాలేదు.

మా డ్రైవరు కోయిలకుంట్ల వైపు రైతు బిడ్డ. ఎండాకాలం ఎద్దులబండి చక్రం వదులైతే నీళ్లలో నానబెట్టడం చూసి పెరిగినవాడు. సీట్లు ఊడదీసి, చట్రానికి గోనెపట్టాలు చుట్టి, రెండు రోజులు నీళ్లు పోశాడు. మూడోనాడు కారు సద్దు లేకుండా కదిలింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. వారం ఎండకు మునుపటికన్నా ఎక్కువ ఊగింది.

అప్పుడు డోన్ నుంచి బండ్లు చేసే ముసలి వడ్రంగిని పిలిపించాం. ఆయన కారు కిందికి దూరి చూసి, బయటికొచ్చి డ్రైవరును ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, చక్రం ఉబ్బితే అదిమి పట్టేదానికి చుట్టూ ఇనుప పట్టా ఉండాది. దీనికి యాడుండాది పట్టా? ఉబ్బిన కొయ్య మేకుల బెజ్జాలన్నీ పెద్దవి చేసె."

"నీళ్లు తక్కువైనాయేమో అనుకుంటి," అన్నాడు డ్రైవరు తల గోక్కుంటూ. నాకు నవ్వొచ్చింది. మా ఆయన కూడా నవ్వారు.

వడ్రంగి పాత బెజ్జాలను చేవకొయ్య ముక్కలతో పూడ్చి, మూలలకు ఇనుప రేకులు బిగించాడు. కొయ్య చట్రానికీ కింది ఇనుప కమ్మీలకూ మధ్య దున్నపోతు తోలు మడతలు పెట్టాడు. ఇనుము అదిరినా ఆ అదురు తోలులోనే అణిగిపోతుందట. మరీ బిగిస్తే కొయ్య చీలుతుందని, బోల్టులు తిప్పిన ప్రతిసారీ వేలితో తడిమి చూశాడు.

ఆ సాయంత్రం పిల్లల్ని ఇంట్లో వదిలి ఓర్వకల్లు దాకా పోయి వచ్చాం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా చెయ్యి ఆ కంబం మీదే ఉంది. సన్నగా అదిరింది, వాలలేదు.

మరునాడు పొద్దున పిల్లలకు చెప్పాను.

"ఎల్లుండి అవ్వ దగ్గరికి కడపకు పోతాన్నాం. చెరో కిటికీ దగ్గర కూర్చోండి. తలుపుకు మాత్రం ఆనుకోవద్దు."