ఏసీకి వేసిన పూలదండ

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం హూడిలో మా ఫ్లాటులో నేను కునుకు తీస్తుంటే, ఏసీ నడుస్తున్న గదిలోనే మా కోడలు వచ్చి కిటికీ బార్లా తెరిచింది. కాస్త మంచి గాలి రానీ మామయ్యా అని పైగా నాకే నచ్చచెప్పింది. జీవితమంతా ఏసీలు విప్పి బిగించిన మనిషి ఇంట్లోనే ఈ అన్యాయం జరిగితే ఇంకెవరికి చెప్పుకోను? మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఈ బెంగళూరులో ఫ్యాను కూడా దండగే అనుకునేవాళ్ళం, ఉక్కపోసిందంటే కిటికీ తెరిచేవాళ్ళం, పని అయిపోయేది. ఊరు వేడెక్కి ఇన్నేళ్ళయినా ఆ అలవాటు మాత్రం ఎవరికీ పోలేదు. నేను లేచి కిటికీ మూసి, గొణుక్కుంటూ మళ్ళీ పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు, మనసు మా బావ బండి దగ్గరకు వెళ్ళి కూర్చుంది.

బావ అంటే మా అక్క మొగుడు. మదనపల్లె వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చి, ఇక్కడ ఒక ట్రావెల్స్ ఓనరు దగ్గర చాలా ఏళ్ళు టూరిస్టు బండ్లు తోలాడు. ఒకనాడు ఆ ఓనరు నలుగురి ముందూ నోటికొచ్చినట్టు తిడితే, తాళాలు టేబులు మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత ఉన్నదంతా ఊడ్చి ఒక పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, లోపల మంచాలు, చిన్న వంటగట్టు, మూలన స్నానాల గది కట్టించి దాన్ని కారవాన్ చేశాడు. పైకప్పు మీద ఏసీ బిగించినది నేనే. ఈ బండి నిలదొక్కుకోకపోతే మళ్ళీ ఆ ఓనరు గుమ్మం తొక్కాలి కదరా అని మా అక్క నా దగ్గర కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. బావేమో, ఆ మాట ఎవరైనా ఎత్తితే కంచం ముందు నుంచి సగం అన్నంలో లేచిపోయేవాడు.

ఇంటి ఏసీ మహారాజులా గోడకు కూర్చుని ఉంటుంది. బండి ఏసీ బతుకు అట్లా కాదు, నెత్తిన ఎండ, దారి పొడుగునా దుమ్ము, గుంత గుంతకూ కుదుపు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట అది చల్లబరిచే కొద్దీ నీళ్ళు కారుతాయి, ఆ నీళ్ళు దాని అడుగునున్న తట్టలో పడి, అంచున ఉన్న రంధ్రాల గుండా పైకప్పు మీదికి పోవాలి. కాబట్టి నాయనా, ఆ తట్ట కడుగుతూ ఉండు, గాలి జల్లెడ దులుపుతూ ఉండు, ఏసీ వేసినప్పుడు కిటికీలు మూయించు, ఇంతకు మించి నిన్నేమీ అడగనని బావ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. బావ తల ఊపాడు. ఆయన తల ఊపితే పని కాదని మా అక్కకు పెళ్ళైన కొత్తలోనే తెలిసింది, నాకే ఆలస్యంగా తెలిసింది.

మొదటి కిరాయి బెంగళూరు పక్కనున్న ఆనేకల్ వాళ్ళది. తరాల కిందట అక్కడ స్థిరపడిన మన తెలుగు పట్టు వ్యాపారుల కుటుంబం. ఇంటి పెద్దావిడకు తుంటి ఆపరేషన్ అయింది, కూర్చుని ప్రయాణం చెయ్యలేదు, ఉడుపి కృష్ణుడి మొక్కేమో అట్లే నిలిచిపోయింది. పడుకోబెట్టి తీసుకుపోవచ్చని ఆవిడ కొడుకు బావ బండి మాట్లాడుకున్నాడు. ఆయుధపూజ అయిన మర్నాడే ప్రయాణం. తోడు రమ్మని బావ నన్ను పట్టుకుపోయాడు. బయల్దేరే ముందు ఏసీ వేసి చూశాను, మంచు ముద్దలా ఉంది, ఒక్క చుక్క కారలేదు. దసరా నాటి బెంగళూరు చల్లటి గాలిలో కారడానికి నీళ్ళెక్కడివి?

శిరాడి ఘాటు దిగి సముద్రం వైపు మళ్ళామో లేదో, తడి గుడ్డ మొహాన కప్పినట్టయింది గాలి. అప్పుడు మొదలైంది నా కర్మ. పచ్చటి కొండలు చూస్తానని పెద్దావిడ ఒక కిటికీ తీయించింది, కొడుకు ఇంకోటి తీశాడు, మా బావ ఉత్సాహంగా పైకప్పు గవాక్షం కూడా ఎత్తాడు. ఏసీ నడుస్తోంది మొర్రో అని నేను మొత్తుకుంటే, అయితే ఇంకాస్త పెంచుదామని దాన్ని చివరంటా చల్లదనానికి తిప్పాడు. ముందు ఒక చుక్క, తర్వాత ధార, పెద్దావిడ తలగడ మీదే. కాసేపటికి లోపల మంచు గట్టిపడి గాలి రావడమే మానేసింది. లోపల పొయ్యి మీది కుండలా ఉడికిపోతోంది, ఆవిడ పైటతో విసురుకుంటూ పడుకుంది. కొడుకు మొహం ఎర్రబడింది. గ్యాసు లీకైందా, మా అమ్మను చంపుదామనుకున్నారా అని అరిచి, మంగళూరు నుంచి వేరే కారు పిలిపిస్తానని ఫోను తీశాడు. బావ ఒక పెట్రోలు బంకు పక్కన బండి ఆపి, తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. మనిషి మొహంలో నెత్తురు లేదు. ఆయన కళ్ళ ముందు అప్పుడు ఎవరి గుమ్మం కనబడుతోందో నాకు తెలుసు.

తిట్టుకుంటూ పైకెక్కాను. రేకు పెనంలా కాలుతోంది, చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూత విప్పి చూద్దును గదా, తట్ట నిండా బంతిపూల రేకులు! కుంకుమ, అక్షింతలు, గంధం కలిసి ముద్దైపోయి రంధ్రాలకు మేస్త్రీ పూసినట్టు పూసుకుపోయాయి. విషయం ఏమిటంటే, ఆయుధపూజ నాడు నేను ఇంటికి పోయాక మా బావ పైకెక్కి ఏసీకి మూరల కొద్దీ పూలదండ చుట్టి, కుంకుమ నీళ్ళు చల్లి, హారతి ఇచ్చాడట. ఇంజనుకు పూజ చేసి, చల్లదనమిచ్చే దాన్ని ఎండలో వదిలేస్తే ఎట్లా అని ఆయన న్యాయం. మర్నాడు పొద్దున దండ తీశాడు గానీ, మూత చీలికల్లోంచి లోపలికి రాలిన రేకుల సంగతి ఎవరికి పట్టింది?

ఆ ముద్ద గుప్పిట్లో పట్టుకుని కిందికి దిగి, కోపంతో రోడ్డు మీదికి విసరబోయాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

“నేలకెయ్యొద్దురా, జనం తొక్కుతారు. దేవునికి పెట్టిన పూలు అవి.”

పరువు పోతోంది, కిరాయి పోతోంది, ఈయన ఆ బురదను కళ్ళకద్దుకుని తువ్వాలులో మూట కట్టుకున్నాడు! నాకు తల కొట్టుకోవాలనిపించింది. అందరి ముందే దులిపేశాను, ఏసీని దేవుడంటావు, ఆ దేవుడికి స్నానం చేయించమంటే మాత్రం నీకు తీరిక ఉండదు అన్నాను. ఆయన తల వంచుకుని మూట ముడి బిగించుకుంటున్నాడు. అప్పుడు కిటికీలోంచి పెద్దావిడ గొంతు వినబడింది.

“ఏంటికప్పా ఆయప్పనట్ల తిడతాండావు? పూలు పెట్టినాడు, అంతే గదా. అడ్డం తీసేస్తివి, ఇంక బండి పోనీ. ఒరే, నువ్వా ఫోను లోపల పెట్టు.”

కొడుకు ఇష్టం లేకుండానే ఫోను జేబులో పెట్టాడు. నేను తట్ట కడిగి, కిటికీలన్నీ నా చేత్తో మూసి, మంచు కరిగేదాకా ఉత్త ఫ్యాను తిప్పి, ఆ తర్వాత ఏసీ వేశాను. నీళ్ళు బుద్ధిగా పైకప్పు మీంచి బయటికి కారాయి. ఎండలో మాడి ఒళ్ళు కాల్చుకున్నది నేను. ఉడుపిదాకా పెద్దావిడ మెచ్చుకున్నది మాత్రం బావ భక్తిని. ఎవరితో చెప్పుకుంటారండీ ఇలాంటివి?

తిరిగి వస్తూ హాసన్ దగ్గర టీ తాగడానికి ఆగాం. వేరే బండి డ్రైవరొకడు చుట్టూ తిరిగి చూసి, ఏ ట్రావెల్స్‌ది ఇది అని అడిగాడు. బావ చేతిలోని గ్లాసు కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, “నాదేనప్పా” అన్నాడు. మెల్లగానే అన్నాడు. దారంతా పట్టుకొచ్చిన నా కోపం ఏమైందో తెలియదు, నేను అటు తిరిగి టీ తాగాను.

ఆనేకల్ వాళ్ళు నలుగురికి చెప్పారు, వాళ్ళు ఇంకో నలుగురికి. మోకాళ్ళు మొరాయించేదాకా బావ ఆ బండే తోలాడు, ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ఏటా ఆయుధపూజకు మా ఇద్దరికీ జగడమే. చెప్పిన మాట చచ్చినా వినేవాడు కాదు. ఇప్పుడాయన లేడు, బండీ ఎప్పుడో చేతులు మారింది.

బండ్లకు ఏసీలు బిగించే షెడ్డుకు నేను ఇప్పటికీ పోతూనే ఉంటాను. నున్నగా మెరిసే కారవాన్లు కావలసినన్ని వస్తాయి, కిరాయి కిరాయికీ ఒక కొత్త డ్రైవరు. ఇదిగో నాయనా తట్ట, ఇదిగో రంధ్రం అని చూపిస్తుంటే వాళ్ళు ఫోను చూసుకుంటుంటారు. వాళ్ళను అని ఏం లాభం, రేపు ఇంకో బండి ఎక్కాలి పాపం. ఎవరిదయ్యా ఈ బండి అని అడుగుతాను. కంపెనీది సార్ అంటారు, ఏ కంపెనీదో కాగితం చూసి చెబుతారు. ఎవడైనా ఒక్కడు, నాదే అన్నాడంటే, వాణ్ణి కూర్చోబెట్టి, మా బావను తిట్టినట్టు కడుపారా తిట్టాలని ఉంది.