లారీ నింపినవాడికి సెక్షన్ లేదు

మా ఎదురింటి ముఠా మేస్త్రి మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. మిర్చి ఘాటు పీల్చి పీల్చి పాడైన ఊపిరితిత్తులు ఇక పనిచేయలేదని డాక్టరుగారు చెప్పారు. ముఠా అంటే లారీలకు బస్తాలెత్తే కూలీల జట్టు. గుంటూరు పొలిమేరలో ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర పద్నాలుగు మంది జట్టుకు ఆయన పెద్ద. "నాన్న గురించి రాయడానికేముంది టీచరమ్మా?" అన్నాడు కొడుకు. ఉంది కాబట్టే రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నా ఇనప బీరువాను ఆయనొక్కడే వీపు మీద మోసుకొచ్చాడు. దించాక దాని మీద గ్లాసుతో నీళ్లు పెట్టి చూశాడు. నీళ్లు ఒక పక్కకు వాలాయని, బీరువా కాలి కింద అట్టముక్క దూర్చేదాకా కదల్లేదు. అప్పటినుంచీ నాకు ఆయనంటే గౌరవం.

ఎక్కువ లోడుకు జరిమానాలు పెంచారని తెలిసినప్పుడు నా దగ్గరికొచ్చాడు. "పది టైర్ల లారీకి ఎన్ని బస్తాలెత్తొచ్చో లెక్కకట్టి చెప్పండి టీచరమ్మగారూ." లారీ కాగితాల్లో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేశాం. పద్దెనిమిది టన్నులు మిగిలింది. బస్తాలు ఒకటి నలభై కిలోలు, ఒకటి నలభై అయిదు. సగటు వద్దు, పెద్దదే పట్టుకుందామన్నాను. నాలుగు వందల బస్తాలు వచ్చింది.

ఆ రోజునుంచి నాలుగు వందల దగ్గర ఆపేసేవాడు. చివర్లో లారీ వెనక గొంతుక్కూచుని చక్రాల పైన కమాను పట్టీలు ఎంత వంగాయో చూసేవాడు. "తూకం చీటీ అబద్ధం చెప్పుద్దేమో గానీ, ఇవి చెప్పవండి" అనేవాడు. ఒక గుమాస్తా ఎగతాళి చేశాడట. "ఏం మేస్త్రీ, లారీ మీ మామగారిదా?" "మా మామదైతే మూడొందలకే ఆపేవాణ్ణి."

కానీ ముఠాకు కూలి బస్తా లెక్కన. పక్క ముఠా అయిదు వందలు దాటించి ఎక్కిస్తుంటే లారీలన్నీ అటే పోయాయి. జట్టులోనే ఉన్న బావమరిది అందరి ముందూ అడిగాడట: "టీచరమ్మ లెక్క మనకి అన్నం పెట్టుద్దా బావా?" ఆ మాట నాతో చెప్పి, ఏమంటానోనని చూశాడు. "లెక్క మారదు మేస్త్రీ" అన్నాను. నిజమే, మారదు. పద్నాలుగు ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో మాత్రం నేను అడగలేదు.

ఆ వేసవిలో మేస్త్రి ఒక లారీకి అయిదు వందల నలభై ఎక్కించాడు.

హైవే దిగే మలుపులో ఆ లారీ ఒరిగి, మిరపకోతకు వెళ్తున్న ఆటో మీద పడింది. ముగ్గురు ఆడవాళ్లు పోయారు. ఒకామె మా చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. డ్రైవరు మీద కేసయింది. యజమాని జరిమానా కట్టేశాడు. అదనపు సరుకు దించాకే బండి కదలాలని నిబంధన. ఆ సరుకు ఎలాగూ రోడ్డు మీదే ఉంది.

మేస్త్రి మా అరుగు మీద కూచుని, చట్టంలో ఎక్కువ లోడుకు శిక్ష వేసే సెక్షన్ చదవమన్నాడు. నడిపినవాడు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు అని ఉంది.

"నింపినవాడండి?"

"లేడు."

"ఇంకోసారి చూడండి."

మూడుసార్లు చదివాను. మర్నాడు స్టేషన్‌కు వెళ్లి, అయిదు వందల నలభై నేనే ఎక్కించానండి అని చెప్పాడు. "కూలోడివి, నీకేంటి సంబంధం? ఇంటికి పో" అన్నారట. "రాసుకోనన్నా రాసుకోలేదండి" అన్నాడు నాతో.

మేస్త్రీపని బావమరిదికి వదిలేసి, ఆ కోల్డ్ స్టోరేజీలోనే నేల ఊడ్చే పనిలో చేరాడు. చర్చిలో ఆఖరి వరసలో కూచునేవాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి మాత్రం ఆ తర్వాత బతికిన మూడేళ్లూ లేచి రాలేదు. దేవుడు క్షమించాడయ్యా అని పాస్టరుగారు నచ్చజెప్తే, "ముందు ఏం చేశావని ఎవరన్నా అడగాలి కదండీ" అన్నాడు.

శనివారం సమాధుల తోటకు తీసుకెళ్లాం. అది హైవేకు అవతల ఉంది. పెట్టె భుజాల మీద పెట్టుకుని డివైడర్ సందు దగ్గర నిలబడ్డాం. ఒక్క బండీ ఆగలేదు. టార్పాలిన్ పట్టా కట్టిన మిర్చి లారీ ఒకటి ఊగుతూ వచ్చింది. ముందువైపు మోస్తున్న బావమరిది దాన్ని తలెత్తి చూసి, నేను వింటున్నానని తెలిసే మెల్లగా అన్నాడు: "అయిదు వందల అరవై అండి. పొద్దున మేమే ఎక్కించి వచ్చాం."

దాని గాలికి పెట్టె మీద పూలు కొన్ని ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. వెనకే ఇంకో లారీ వస్తోంది. మోసేవాళ్లు భుజం మార్చుకున్నారు.